మందు ఉచితమైన దేశంలో క్యాన్సర్ సంఘానికి పనేమిటి?

స్పెయిన్‌లో ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లిన క్యాన్సర్ రోగి చేతికి బిల్లు రాదు. బయాప్సీ, ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ పన్నుల సొమ్ముతోనే నడుస్తాయి. బయట మందుల షాపులో కొనే మాత్రలకు ఆదాయాన్ని బట్టి కొంత వాటా కట్టాలి. ఆసుపత్రి ఫార్మసీ నుంచి ఇచ్చే క్యాన్సర్ మందులకు ఆ వాటా కూడా ఉండదు. అలాంటి దేశంలో 1953లో పుట్టిన ఒక క్యాన్సర్ సంఘం ఈ రోజుకీ పెరుగుతూనే ఉంది. దాని పూర్తి పేరు అసోసియాసియోన్ ఎస్పాన్యోలా కోంత్రా ఎల్ కాన్సెర్, అంటే స్పానిష్ క్యాన్సర్ వ్యతిరేక సంఘం. 50 ప్రావిన్సులకూ, ఆఫ్రికా తీరంలోని సెయుతా, మెలియా నగరాలకూ కలిపి 52 శాఖలున్నాయి. నెలనెలా, ఏటేటా చందా కట్టే సభ్యులు 5 లక్షల పైమాటే.

మన దగ్గర క్యాన్సర్ ఛారిటీ అనగానే హైదరాబాద్ బసవతారకం లాంటి ఆసుపత్రి కళ్లముందుకొస్తుంది. దాతలు కట్టిన భవనం, తక్కువ ఖర్చుతో వైద్యం. స్పెయిన్ సంఘాన్ని ఆ కళ్లతో చూస్తే ఏమీ అర్థం కాదు. అది కీమో ఎక్కించదు, ఆపరేషన్ చేయదు. ఆ పని ప్రభుత్వానిది. డాక్టరు గది తలుపు మూసుకున్నాక మిగిలే సమస్యలే దాని పని: ఆసుపత్రికి ఎలా వెళ్లాలి, జీతం సగమైతే ఇల్లెలా గడవాలి, రాత్రి రెండింటికి భయమేస్తే ఎవరితో చెప్పుకోవాలి, ఏ ఫారం ఎక్కడ ఇవ్వాలి. చికిత్స ఉచితమైనంత మాత్రాన జబ్బు ఉచితం కాదు. 2020లో ఈ సంఘం ఒలివర్ వైమన్ అనే కన్సల్టింగ్ సంస్థతో కలిసి వేయించిన లెక్క ప్రకారం క్యాన్సర్ వల్ల స్పెయిన్‌కు ఏడాదికి 1,930 కోట్ల యూరోల భారం పడుతోంది. అందులో 45 శాతం మోస్తున్నది రోగులు, వాళ్ల కుటుంబాలు.

సోరియా నుంచి బుర్గోస్ దాకా

ముందు దూరం సంగతి చూద్దాం, ఎందుకంటే ఉచిత వైద్యం అసలు పరీక్ష అక్కడే. స్పెయిన్‌లో ఆరోగ్యం 17 స్వయంపాలిత ప్రాంతాల చేతిలో ఉంది. 2002 నాటికి ఆ అధికార బదిలీ పూర్తయింది. రేడియేషన్ ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ ఖరీదైన యంత్రం. దానికి కాంక్రీటు బంకర్ కావాలి, ఫిజిసిస్టు కావాలి, రోజూ సరిపడా రోగులు కావాలి. సోరియా ప్రావిన్సు మొత్తం జనాభా లక్షకు లోపే. అంత తక్కువ జనానికి యంత్రం లెక్క కుదరదని అధికారులు ఏళ్ల తరబడి చెప్పుకొచ్చారు. సోరియా రోగులు దాదాపు 140 కిలోమీటర్ల దూరంలోని బుర్గోస్‌కు వెళ్లేవారు. బల్ల మీద పడుకునేది పది నిమిషాలు, రానూపోనూ రోడ్డు మీద నాలుగు గంటలకు దగ్గర. రొమ్ము క్యాన్సర్‌కు ఒకప్పుడు 25 సిట్టింగులు మామూలు. ఇప్పుడు చాలామందికి 15తో సరిపెడుతున్నారు. 15 రోజులే అయినా సోమవారం నుంచి శుక్రవారం దాకా మూడు వారాలు. అంబులెన్సు వ్యాన్ ఉచితమే కానీ దారిలో నలుగురైదుగురిని ఎక్కించుకుని, అందరి సిట్టింగులు అయ్యేదాకా ఆగి, తిరిగి వస్తుంది. పొద్దున బయల్దేరిన మనిషి సాయంత్రానికి ఇంటికి చేరితే అదృష్టం.

సంఘం పెట్టిన వసతి ఇళ్లు ఇలాంటివాళ్ల కోసమే. స్పానిష్‌లో వీటిని 'పీసో దే అకోహీదా' అంటారు. పెద్ద ఆసుపత్రులకు దగ్గర్లో మామూలు అపార్ట్‌మెంట్లు. రోగికీ, తోడుగా వచ్చిన ఒకరికీ గది, ఉమ్మడి వంటగది. ఆసుపత్రిలోని సోషల్ వర్కర్ రాసి పంపితేనే చోటు దొరుకుతుంది, నేరుగా వెళ్లి తలుపు కొట్టే పద్ధతి లేదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. సిట్టింగుల తేదీలు ఖరారయ్యాక అడుగుతారు, అప్పటికి గదులు నిండిపోయి ఉంటాయి. ఆంకాలజిస్టు "రేడియేషన్ పడుతుంది" అన్న రోజే అడగాలి. కానరీ, బలేరిక్ దీవుల నుంచి విమానంలో వచ్చేవాళ్లకైతే ఇది ఇంకా ముఖ్యం.

జీతం, ఫారాలు, ఇరవై ఒకటో రోజు

ఉద్యోగికి జబ్బు సెలవు దొరుకుతుంది. గరిష్ఠంగా 365 రోజులు, తర్వాత 180 రోజుల పొడిగింపు, మొత్తం 545 రోజులు. డబ్బు మాత్రం మెట్లు మెట్లుగా వస్తుంది. మొదటి మూడు రోజులకు చట్టప్రకారం ఏమీ రాదు, నాలుగో రోజు నుంచి ఇరవయ్యో రోజు దాకా జీతపు ప్రాతిపదికలో (సామాజిక భద్రతా చందాను లెక్కగట్టే జీతం అంకెలో) 60 శాతం, ఇరవై ఒకటో రోజు నుంచి 75 శాతం. నెలకు 1,800 యూరోల ప్రాతిపదిక ఉన్నవాళ్ల రోజుకూలి 60 యూరోలు అనుకుంటే, ఇరవయ్యో రోజు దాకా 36, ఆ తర్వాత 45 చేతికొస్తాయి. అంటే నెలకు 450 యూరోలు తగ్గినట్టే. కొన్ని కంపెనీల్లో కార్మిక సంఘాల ఒప్పందం ఆ లోటు పూడుస్తుంది. చిన్న హోటల్లో గిన్నెలు కడిగే మనిషికి అలాంటి ఒప్పందం ఉండకపోవచ్చు. సొంతంగా పనిచేసుకునే 'ఔతోనోమో'ల పరిస్థితి ఇంకా ఇరుకు. చాలామంది సామాజిక భద్రతకు కట్టే నెలవారీ చందా తగ్గుతుందని తక్కువ ప్రాతిపదిక ఎంచుకుని ఉంటారు, జబ్బు చేశాక భృతి కూడా ఆ తక్కువ అంకె మీదే వస్తుంది. పైగా సెలవులో ఉన్నా మొదటి 60 రోజులు నెలచందా కడుతూనే ఉండాలి.

సంఘం సోషల్ వర్కర్లు ఎక్కువ సమయం గడిపేది ఈ చిక్కుల్లోనే. వాళ్లు చేసే ఆర్థిక సహాయం చిన్నది, తాత్కాలికమైనది. అసలు సహాయం ఏ హక్కుకు ఎవరు అర్హులో, ఏ కాగితం లేకపోతే దరఖాస్తు వెనక్కొస్తుందో చెప్పడం. ఒక ఉదాహరణ. పిల్లవాడికి క్యాన్సర్ వస్తే తల్లి గానీ తండ్రి గానీ పనిగంటలు సగం గానీ అంతకంటే ఎక్కువ గానీ తగ్గించుకోవచ్చు, తగ్గిన జీతం మేరకు సామాజిక భద్రతా శాఖ పూర్తిగా కట్టిస్తుంది. 2011 నాటి 1148వ నంబరు రాజాజ్ఞ ఇచ్చిన హక్కు ఇది. వినడానికి బాగుంది. కానీ తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగంలో ఉంటేనే ఇది వర్తిస్తుంది. ఒకరు నిరుద్యోగి అయితే "ఇంట్లో చూసుకోడానికి మనిషున్నారుగా" అని దరఖాస్తు కొట్టేస్తారు. బిడ్డ ఆసుపత్రిలో ఉండగా తల్లి తొందరపడి ఉద్యోగం మానేస్తే, ఆ ఒక్క సంతకంతో తండ్రి హక్కు కూడా పోతుంది. రాజీనామా చేయకముందే సోషల్ వర్కర్‌ను కలవమని వాళ్లు పదేపదే చెప్పేది ఇందుకే.

వైకల్య ధ్రువపత్రం మీద కూడా ఇలాంటి అపోహే ఉంది. క్యాన్సర్ అని తేలగానే, ధ్రువపత్రానికి కావలసిన 33 శాతం వైకల్యం దానంతటదే వచ్చేస్తుందనుకుంటారు. రాదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కొలమానం కూడా జబ్బు పేరు చూడదు, దానివల్ల మనిషి ఏ పని చేయలేకపోతున్నాడో చూస్తుంది. మూల్యాంకనానికి నెలలు పడుతుంది. కాబట్టి చేయి ఎత్తలేకపోవడం, వేళ్ల తిమ్మిరి, నీరసం లాంటి దుష్ప్రభావాలను డాక్టరు చేత ఎప్పటికప్పుడు రిపోర్టులో రాయించుకోవాలి. "చికిత్సకు బాగా స్పందించారు" అని మాత్రమే రాసి ఉన్న రిపోర్టు ఇంట్లోవాళ్లకు ఆనందం, మూల్యాంకన బోర్డు ముందు పనికిరాదు.

భయానికి అపాయింట్‌మెంట్

900 100 036. ఇది సంఘం ఉచిత ఫోన్ నంబరు, 24 గంటలూ, 365 రోజులూ పనిచేస్తుంది. సభ్యుడై ఉండనక్కర్లేదు, రోగే కానక్కర్లేదు. చదువుకోడానికి బార్సిలోనా, మాడ్రిడ్ వెళ్లిన మన పిల్లలు ఇది రాసిపెట్టుకోవచ్చు. స్టూడెంట్ వీసాకు ఆరోగ్య ఇన్సూరెన్స్ తప్పనిసరి, మామూలుగా అది ప్రైవేటుదే కాబట్టి, పైన చెప్పిన ప్రభుత్వ వైద్యం వాళ్లకు మామూలుగా వర్తించదు. పాలసీలో క్యాన్సర్ చికిత్స ఎంతవరకు ఉందో చదువుకోకుండా సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ.

ఫోన్ వెనక ఉన్న పెద్ద సేవ సైకాలజిస్టులది, అదీ ఉచితమే. పద్ధతి సూటిగా ఉంటుంది. సున్నా నుంచి పది దాకా గీతలున్న థర్మామీటర్ బొమ్మ చూపించి, గత వారం రోజుల్లో ఎంత ఇబ్బంది పడ్డారో గుర్తుపెట్టమంటారు. నాలుగు, ఆ పైన ఉంటే వివరంగా మాట్లాడతారు. ఇబ్బంది నిద్రదా, డబ్బుదా, పిల్లలకు ఎలా చెప్పాలన్నదా అని విడదీస్తారు. డబ్బుదైతే సైకాలజిస్టు కాదు, సోషల్ వర్కర్ కావాలి. చాలామంది చికిత్స నడిచేటప్పుడు కాదు, అయిపోయాక కుంగిపోతారు. వారం వారం ఆసుపత్రి, నర్సులు, తేదీలు ఉన్నన్నాళ్లు మనసుకు ఒక పని ఉంటుంది. "ఆరు నెలల తర్వాత రండి" అన్న రోజు అది కూలుతుంది.

ఇక్కడొక చిక్కుముడి ఉంది, పెద్దగా ఎవరూ మాట్లాడరు. స్పెయిన్ ప్రభుత్వ వైద్యంలో క్లినికల్ సైకాలజిస్టు పోస్టు కావాలంటే 'పీర్' అనే పోటీ పరీక్ష రాసి నాలుగేళ్లు ఆసుపత్రిలో శిక్షణ పొందాలి. సీట్లు చాలా తక్కువ. మాస్టర్స్ చేసి ఆరోగ్య సైకాలజిస్టుగా లైసెన్సు పొందినవాళ్లు వేలల్లో ఉన్నా ఆ పోస్టులకు అర్హులు కారు. సంఘం, ఇతర ఫౌండేషన్లు ఇలాంటివాళ్లను తీసుకుని ఒప్పందాల మీద ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూర్చోబెడతాయి. రోగికి లాభమే. ఆసుపత్రికీ లాభమే, జీతం తాను ఇవ్వదు. అందుకే ఆ పోస్టు బడ్జెట్‌లోకి రాదు. ఛారిటీ ఖాళీని ఎంత చక్కగా పూడిస్తే, ఖాళీ ఉన్నట్టు ప్రభుత్వానికి అంత తక్కువ కనిపిస్తుంది. మానసిక సహాయం ప్రభుత్వ వైద్యంలో భాగం కావాలని సంఘమే అడుగుతుంది, ఆ లోటు కనపడకుండా చేసేదీ దాని పనితనమే.

కారిడార్లలో తిరిగే వాలంటీర్ల కథ వేరు. కీమో ఎక్కించే డే హాస్పిటల్‌లో మూడు నాలుగు గంటలు కుర్చీలో కూర్చోవాలి. టీ, కాఫీ బండి తోసుకుంటూ వచ్చే మనిషి అక్కడ మందుకంటే తక్కువేం కాదు. వాళ్లకు నియమాలు గట్టివి. రోగం ఏమిటని అడగకూడదు, మందుల గురించి సలహా చెప్పకూడదు, "మా పిన్నికి కూడా ఇదే, ఆకుపసరు తాగితే తగ్గింది" తరహా మాటలు అసలే వద్దు. 2015లో వచ్చిన 45వ నంబరు స్వచ్ఛంద సేవా చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం, శిక్షణ, ఇన్సూరెన్స్ ఉండాలి. పిల్లల వార్డులో పనిచేయాలంటే లైంగిక నేరాల రికార్డు లేదన్న ధ్రువపత్రం కూడా ఇవ్వాలి. మంచి మనసుంటే చాలదు.

కవరు తెరవని ఇల్లు

2025లో స్పెయిన్‌లో 2,96,103 కొత్త క్యాన్సర్ కేసులుంటాయని అక్కడి మెడికల్ ఆంకాలజీ సంఘం అంచనా వేసింది. వాటిలో పెద్దపేగు క్యాన్సర్‌ది ముందు వరస. దాన్ని ముందే పట్టే పరీక్ష చేయించుకోమని 50 నుంచి 69 ఏళ్లవాళ్లకు రెండేళ్లకోసారి ఇంటికి ఉత్తరం వస్తుంది. ఆరోగ్య కేంద్రంలోనో, కొన్ని ప్రాంతాల్లో మందుల షాపులోనో చిన్న ట్యూబు ఇస్తారు. మూతకు గాడులున్న పుల్ల అంటుకుని ఉంటుంది. దాన్ని మలంలో నాలుగైదు చోట్ల గుచ్చి, తిరిగి ట్యూబులో పెట్టి, గట్టిగా మూసి, ఫ్రిజ్‌లో ఉంచి వీలైనంత త్వరగా అప్పగించాలి. కంటికి కనపడని రక్తాన్ని పట్టే పరీక్ష ఇది. జరిగే తప్పులు అతి మామూలువి: పుల్లకు మరీ ఎక్కువ అంటించడం, మూత తప్పు వైపు తిప్పి లోపలి ద్రవం ఒలకబోయడం, తేదీ రాయకపోవడం. పాజిటివ్ వస్తే క్యాన్సర్ అని కాదు, కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయాలని అర్థం.

ఇంత తేలిక పరీక్షకు కూడా కవరు తెరవనివాళ్లు చాలామందే. ఐరోపా మార్గదర్శకాలు కనీసం 45 శాతం, వీలైతే 65 శాతం మంది పాల్గొనాలంటాయి. సంఘం ఊళ్లలో, ఆఫీసుల్లో సభలు పెట్టి పైకి నెట్టాలని చూసేది ఈ అంకెనే. కానీ అవగాహన ప్రచారానికి హద్దుంది. 2025 అక్టోబరులో అండలూసియాలో ఒక సంగతి బయటపడింది: మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్‌రేలో) అనుమానం వచ్చిన ఎందరో మహిళలకు ఆ మాట చెప్పనేలేదు. వాళ్లు పిలిస్తే వెళ్లారు, పరీక్ష చేయించుకున్నారు, వాళ్ల వైపు లోపమేం లేదు. ఫలితం చెప్పాల్సిన వ్యవస్థ చెప్పలేదు. ఆ ప్రాంతపు ఆరోగ్య మంత్రి రాజీనామా చేశారు. దీన్ని రోడ్డు మీదికి తెచ్చింది సెవిల్లాలోని ఆమామా అనే రొమ్ము క్యాన్సర్ మహిళల సంఘం. ఇది రోగులే నడుపుకునే సంఘం, పెద్ద ఛారిటీకీ దీనికీ తేడా అక్కడే ఉంది. ఆసుపత్రుల లోపల ఒప్పందాలతో పనిచేసేవాళ్లకు ఆసుపత్రి గుమ్మంలో నినాదాలివ్వడం ఎక్కడైనా కష్టమే. రెండు రకాల సంఘాలూ కావాలి.

హుండీ నుంచి ప్రయోగశాల దాకా

1950ల స్పెయిన్‌లో పత్రికల మరణవార్తల్లో క్యాన్సర్ అన్న మాటే ఉండేది కాదు. "దీర్ఘమైన, బాధాకరమైన జబ్బుతో" అని రాసేవారు, చదివేవాళ్లు అర్థం చేసుకునేవారు. హోసే బియోస్కా చొరవతో మొదలైన సంఘం ఆ మాటను పేరులోనే పెట్టుకుని వీధిలోకొచ్చింది. ఏటా ఒక రోజు కూడళ్లలో, చర్చిల ముందు బల్లలు వేసి, హుండీ డబ్బాలు గలగలలాడిస్తూ చందాలు అడగడం ఈ సంఘానికి ఆనవాయితీ. నాణెం వేసినవాళ్ల కోటుకు స్టిక్కర్ అంటిస్తారు. అది చూస్తే రెండో వీధిలో మళ్లీ అడగరు. ఒకప్పుడు ఊళ్లో పెద్దింటి ఆడవాళ్లు ఆ బల్ల వెనక కూర్చోవడం హోదా గుర్తు. ఇప్పుడు డబ్బా పక్కన క్యూఆర్ కోడ్, మన ఫోన్‌పే లాంటి బీసుమ్ ఉంటాయి.

డబ్బాలో వేసిన నాణేనికి పన్ను మినహాయింపు రాదు, ఎందుకంటే వేసినవాళ్లెవరో పన్ను శాఖకు తెలియదు. గుర్తింపు సంఖ్య ఇచ్చి చందా కడితే సంగతి మారిపోతుంది. 2024 నుంచి మొదటి 250 యూరోలలో 80 శాతం ఆదాయపు పన్నులో తగ్గిస్తారు. నెలకు 20 చొప్పున ఏడాదికి 240 కట్టినవాళ్లకు 192 తిరిగొస్తాయి, జేబులోంచి పోయేది 48. 250 దాటిన సొమ్ముకు 40 శాతం, ఒకే సంస్థకు ఏళ్ల తరబడి తగ్గించకుండా ఇస్తుంటే 45 శాతం. బాస్క్, నవారా ప్రాంతాలకు సొంత పన్ను పద్ధతి ఉంది, అక్కడ లెక్క వేరు. ఇది కాక పన్ను ఫారంలో 106వ గడి ఉంది. టిక్కు పెడితే కట్టే పన్నులో 0.7 శాతం సామాజిక సేవలకు పోతుంది, అదనంగా ఒక్క సెంటు కట్టనక్కర్లేదు. 105వ గడి చర్చికి. రెండిటికీ టిక్కు పెట్టొచ్చు, ఒకటి పెడితే ఇంకోటి పోతుందనుకుని చాలామంది ఖాళీగా వదిలేస్తారు.

ఆ సొమ్ములో కొంత 1971లో పెట్టిన సైంటిఫిక్ ఫౌండేషన్ ద్వారా పరిశోధనకు చేరుతుంది. నడుస్తున్న ప్రాజెక్టుల విలువ మొత్తం 10 కోట్ల యూరోలు దాటింది. ఇది ప్రభుత్వ నిధులకు పోటీ కాదు, ప్రభుత్వ నిధుల మధ్య ఉన్న సందుల్లోకి వెళ్లే డబ్బు. పీహెచ్‌డీ మొదలుపెట్టే యువకుడికి, విదేశంలో పోస్ట్‌డాక్ ముగించుకుని తిరిగి రావాలనుకునేవాళ్లకు, వార్డులో రోగులను చూస్తూనే పరిశోధనకు సమయం కావాలనుకునే కుర్ర డాక్టరుకు ఇస్తారు. ప్యాంక్రియాస్, మెదడు లాంటి, ఎక్కువమంది బతకని క్యాన్సర్లకు విడిగా నిధులున్నాయి. 2030 నాటికి సగటున 70 శాతం రోగులు బతికేలా చేయాలన్నది వాళ్ల లక్ష్యం. 2008-2013 మధ్య జబ్బు బయటపడినవాళ్లలో ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు మగవాళ్లలో 55.3, ఆడవాళ్లలో 61.7 శాతం. మగవాళ్ల అంకె తక్కువగా ఉండటానికి ఊపిరితిత్తులు, కాలేయం లాంటి మొండి క్యాన్సర్లు వాళ్లలో ఎక్కువ కావడం ఒక కారణం. అంటే లక్ష్యం ప్రయోగశాలలోనే కాదు, సిగరెట్ దగ్గర కూడా ఉంది. 2011 జనవరి 2న బార్లలో పొగ పూర్తిగా నిషేధించిన చట్టం ఏ కొత్త మందుకూ తీసిపోదు.

దానం మీద స్పెయిన్‌లో పెద్ద గొడవ నడిచింది ఈ సంఘం వల్ల కాదు. జారా బట్టల సామ్రాజ్యం అధిపతి అమాన్సియో ఒర్తేగా ఫౌండేషన్ 2017లో మామోగ్రఫీ, రేడియేషన్ యంత్రాలకు 32 కోట్ల యూరోలు, 2021లో పది ప్రోటాన్ థెరపీ (ఒక రకం రేడియేషన్ చికిత్స) యంత్రాలకు మరో 28 కోట్లు ఇచ్చింది. దానం వద్దు, పన్ను సరిగా కట్టమనండి అని ఒక వర్గం. యంత్రం ఎవరు కొన్నా రోగికి ఒకటేనని ఇంకో వర్గం. నాకైతే ఇబ్బంది మూడో చోట ఉంది. యంత్రం దానంగా వస్తుంది గానీ, దాన్ని నడిపే టెక్నీషియన్ల జీతం, పదేళ్ల తర్వాత దాన్ని మార్చే ఖర్చు దానంగా రావు.

మర్చిపోయే హక్కు

ఈ సంఘం, దానితోపాటు రోగుల సంఘాలు ఏళ్లపాటు అడిగి సాధించినవాటిలో నేను ముందు చెప్పేది 2023 జూన్ చివర్లో వచ్చిన 5/2023 రాజశాసనాన్ని. స్పెయిన్‌లో ఇంటి లోన్ అడిగితే బ్యాంకు సాధారణంగా జీవిత బీమా కూడా తీసుకోమంటుంది, తీసుకుంటే వడ్డీ తగ్గిస్తుంది. బీమా అనగానే ఆరోగ్య ప్రశ్నావళి. 25 ఏళ్లప్పుడు లింఫోమా అనే క్యాన్సర్ తగ్గిపోయిన మనిషికి 40 ఏళ్లకు ఇల్లు కొనేటప్పుడు మళ్లీ రోగి వేషం. కొత్త నిబంధన ప్రకారం ప్రధాన చికిత్స ముగిసి, జబ్బు తిరగబెట్టకుండా ఐదేళ్లు గడిస్తే, క్యాన్సర్ వచ్చిన సంగతి చెప్పనక్కర్లేదు. బీమా కంపెనీకి తెలిసినా లెక్కలోకి తీసుకోకూడదు. ఈ హక్కు వదులుకుంటున్నానని ముందే సంతకం పెట్టించుకున్నా చెల్లదు.

ప్రధాన చికిత్స అన్న ఒక్క మాట దగ్గరే ఇప్పుడు పేచీ. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక చాలామంది ఐదు నుంచి పదేళ్లు హార్మోన్ మాత్ర వేసుకుంటారు. గడియారం రేడియేషన్ చివరి సిట్టింగు నుంచి మొదలవుతుందా, మాత్ర ఆపిన రోజు నుంచా? మాత్ర తిరగబెట్టకుండా కాపాడేది, గడ్డను తీసేసింది ఆపరేషన్. కాబట్టి మొదటి లెక్కే న్యాయం అనిపిస్తుంది. బీమా కంపెనీకి రెండోది లాభం. అందుకని బ్యాంకుకు వెళ్లకముందే ఆంకాలజిస్టు దగ్గర ఒక కాగితం రాయించుకోవాలి. ప్రధాన చికిత్స ఏ తేదీన ముగిసిందో, ఆ తర్వాత జబ్బు తిరిగి కనపడలేదని, ఇప్పుడు వాడుతున్న మాత్ర నివారణ కోసమేనని అందులో ఉండాలి. ఆ కాగితం బ్యాంకుకు ఇవ్వనక్కర్లేదు. ఎవరైనా పేచీ పెడితే చూపించడానికి ఇంట్లో ఉంచుకుంటే చాలు.